సతాయింపు మీద ఫిర్యాదులకు గూగుల్ ఫారం పెట్టినం, ఒక్కటీ వస్తలేదు. ఎక్కడ తప్పు?

హన్మకొండ హైస్కూల్ టీచర్:
అందరికీ నమస్కారం. ఆరు నుంచి పది దాకా ఉన్న సర్కారు బడి. పెద్ద పిల్లలు చిన్నోళ్లను సతాయించుడు, వాట్సాప్ గ్రూపుల ఫొటోలకు పేర్లు పెట్టి తిప్పుడు ఎక్కువైంది. పేరు చెప్పకుండా రాయమని గూగుల్ ఫారం చేసి, క్యూఆర్ కోడ్ నోటీసు బోర్డు మీద అంటించినం. ఫొటో జతచేసే వీలు కూడా ఇచ్చినం. ఇంకొకటి, 8 సీసీ కెమెరాలు ఉన్నయి గాని రెండు వారాల కిందటి గొడవ చూద్దామంటే రికార్డింగే లేదు.

కంప్యూటర్ సార్, కాజీపేట:
మేడం, మీ తిప్పలంతా ఆ ఫొటో ప్రశ్నతోనే. ఫారంలో ఫైల్ అప్‌లోడ్ పెడితే జీమెయిల్‌తో సైన్ ఇన్ కావాల్సిందే. పిల్లగాడు నాయిన ఫోన్‌ల తెరిస్తే నాయిన మెయిల్ ఐడీ కనబడుతది, ఇగ రాస్తడా? ఆ ప్రశ్న తీసెయ్యండి. సెట్టింగ్స్‌లో ఈమెయిల్ సేకరణ, ఒక్కసారే జవాబు అన్న నియమం, జవాబుల సారాంశం చూపుడు, మూడూ ఆపండి. సారాంశం ఆన్‌లో ఉంటే ఒకరు రాసింది ఇంకొకరు చదువుతరు. అయినంక లింకును ఇన్‌కాగ్నిటో కిటికీలో (బ్రౌజర్‌లో మీ మెయిల్ లాగిన్ లేకుండా తెరుచుకునేది) తెరవండి. సైన్ ఇన్ అడిగితే ఏదో ఒకటి మిగిలినట్టే.

ప్రశ్నలు నాలుగు చాలు: ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది, ఇంకా నడుస్తున్నదా. పేరు అడగొద్దు. 'ఏ టీచర్‌తో మాట్లాడతవు' అన్నది ఇష్టముంటేనే నింపేటట్టు పెట్టండి. కోడ్ నోటీసు బోర్డు మీద కాదు, డైరీ లోపలి అట్టకు అంటించండి. బోర్డు ముందట నిలబడి స్కాన్ చేసేటోన్ని బడంతా చూస్తది. ఫోన్ లేని పిల్లల కోసం తాళమేసిన పెట్టె కూడా ఉండాలె.

ఇంకో ముచ్చట. జవాబులు చేరే గూగుల్ షీట్‌లో ప్రతి జవాబు పక్కన టైం పడుతది. ల్యాబ్ పీరియడ్‌లో రాస్తే ఆ టైం చూసి ఏ క్లాసో ఎవరైనా చెప్తరు. అందుకే షీట్ ఇద్దరికి మించి చూడొద్దు, లింకు ఉన్నోళ్లందరికీ తెరిచి పెట్టొద్దు. కొత్త జవాబు వస్తే మెయిల్ వచ్చేటట్టు పెట్టి, ఆ రోజే చదవండి. వారం దాకా ఎవ్వరూ ముట్టకపోతే పిల్లలు రెండోసారి రాయరు.

సీసీ కెమెరా పనులు, వరంగల్:
8 కెమెరాలు, ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) లెక్కన రికార్డు చేస్తదనుకుంటే కెమెరాకు రోజుకు సుమారు 21 జీబీ, మొత్తం 170 జీబీ దాకా. 1 టీబీ డిస్క్ ఆరు రోజులకే నిండి పాతదాని మీద కొత్తది ఎక్కుతది. నెల రోజులు నిలవాలంటే 6 టీబీ పెట్టాలె. ఖర్చు వద్దంటే బడి లేని గంటల్లో కదలిక ఉంటేనే రికార్డు అయ్యేటట్టు పెట్టండి, చాలా మిగులుతది. గొడవ తెలిసిన రోజే క్లిప్ పెన్‌డ్రైవ్‌లకు తీసుకోండి. బాత్రూం లోపల కెమెరా అస్సలు వద్దు. అక్కడ గొడవలైతయని తెలిస్తే బయటి నడవలో, తలుపు లోపలి భాగం కనబడకుండా పెట్టండి.

హన్మకొండ టీచర్:
వాట్సాప్ సంగతి? పిల్లలు స్క్రీన్‌షాట్లు చూపిస్తున్నరు.

వకీలు, హన్మకొండ:
మెసేజ్ పంపినవాడు రెండున్నర రోజుల దాకా దాన్ని అందరి ఫోన్లలోంచీ తీసేయగలడు. కాబట్టి ఆలస్యం వద్దు. తేదీ, గ్రూపు పేరు కనబడేలా పూర్తి తెర తీయించండి. సేవ్ చేసిన పేరే కనబడితే ఉపయోగం తక్కువ, కాంటాక్ట్ తెరిచి నంబర్ కూడా తీయాలి. అసలు ఫోన్‌లో చాట్ చెరపకూడదు. కేసు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, దానికి ఆ ఫోన్ ఉంటేనే సులువు.

ఒక్క మినహాయింపు: పిల్లల నగ్న చిత్రాలైతే టీచర్లు తమ ఫోన్లకు పంపించుకోవద్దు. ఐటీ చట్టం 67బి కింద అలాంటివి సేకరించడం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరమే. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. 'బడి పరువు' అని లోలోపల సర్దుబాటు చేసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లలకు 1098 హెల్ప్‌లైన్ ఉంది. ఆ చిత్రాలు సోషల్ మీడియాలో పాకకుండా 'టేక్ ఇట్ డౌన్' సైటులో నమోదు చేయొచ్చు. ఫొటో అప్‌లోడ్ కాదు, దాని నుంచి తయారైన డిజిటల్ గుర్తు (హ్యాష్) మాత్రమే పోతుంది. మామూలు ఎగతాళికైతే తల్లిదండ్రులను పిలవడమే మొదలు, ఠాణా కాదు.

హన్మకొండ టీచర్:
డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) టైం 40 నిమిషాలు వెనక చూపుతున్నది. దిద్దాల్నా?

సీసీ కెమెరా పనులు:
క్లిప్ తీయాల్సి ఉంటే ఇప్పుడే దిద్దకండి. ముందు మీ ఫోన్ టైం, డీవీఆర్ తెర టైం పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి, క్లిప్‌తో పాటు దాచండి. ఆ తర్వాత దిద్దండి. కరెంటు పోయినప్పుడల్లా మళ్ల తప్పుతుంటే లోపలి గుండ్రని బ్యాటరీ అయిపోయినట్టే, మార్పించండి.