పసిబిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్: వెయ్యికి ఒకరా, వందకు ఆరుగురా?

ఆశాట్రైనర్_విశాఖ:
పెందుర్తి, ఆనందపురం వైపు ఆశా కార్యకర్తల శిక్షణకి నవజాత శిశువుల సెప్సిస్ (రక్తంలో ఇన్ఫెక్షన్) మీద నోట్సు రాస్తున్నాను. అంకెల దగ్గర ఆగిపోయాను. అమెరికాలో వెయ్యి కాన్పులకు దాదాపు ఒకటి అంటారు, ఢిల్లీ స్టడీలో 6.2 శాతం అని ఉంది. ఇంత తేడానా? ఇంకో సందేహం: 72 గంటల్లోపు వస్తే తల్లి నుంచి, తర్వాతైతే వార్డు నుంచి అని పుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గరా అదే చెప్పొచ్చా?

వార్డురౌండ్:
రెండు అంకెలూ నిజమేనండి, దేన్ని దేనితో భాగించారన్నదే తేడా. అమెరికా లెక్క పుట్టిన బిడ్డలందరి మీద, అదీ మొదటి మూడు రోజుల సెప్సిస్‌కి మాత్రమే. ఢిల్లీ లెక్క ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, చేరినవాళ్ల మీద. 2011 నుంచి 2014 దాకా మూడు పెద్దాసుపత్రుల్లో 88,636 మంది పుడితే, 13,530 మందిని చేర్చుకుని గమనించారు. వాళ్లలో 6.2 శాతానికి, అంటే సుమారు 840 మందికి, బ్లడ్ కల్చర్‌లో (రక్తాన్ని ల్యాబులో ఉంచి క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష) క్రిమి పెరిగింది. ఆ 840ని మొత్తం కాన్పులతో భాగిస్తే వెయ్యికి తొమ్మిదిన్నర. కల్చర్ పెరగకపోయినా సెప్సిస్ అని తేల్చినవాళ్లని కలిపితే చేరినవాళ్లలో 14.3 శాతం. మీ స్లైడ్‌లో ఏ అంకె వేసినా పక్కనే "ఎవరిలో, కల్చర్‌తోనా కాదా" అని రాయండి, లేకపోతే వేయకపోవడమే మేలు. పైగా ఇవి ఊళ్లో మామూలు కాన్పులకు అంటగట్టే లెక్కలు కావు.

72 గంటల గీత సంగతి. అమెరికాలో తొలి రోజుల్లో నెలలు నిండిన బిడ్డకు ఎక్కువగా గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి, నిండనివాళ్లకు ఈ కోలై. రెండూ తల్లి నుంచే. అందుకే అక్కడ గర్భిణికి 36-37 వారాల్లో గ్రూప్ బి ఉందేమో పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు కాన్పుకు కనీసం 4 గంటల ముందు పెన్సిలిన్ మొదలుపెడతారు. 1990లో వెయ్యికి 1.8 ఉన్న తొలి రోజుల గ్రూప్ బి జబ్బు 2015కి 0.23కి దిగింది. ఢిల్లీలో మూడింట రెండొంతుల సెప్సిస్ 72 గంటల్లోపే వచ్చింది గానీ, పెరిగిన క్రిములు అసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17, ఈ కోలై 14. అసినెటోబాక్టర్ ఆసుపత్రి క్రిమి. అంటే కాన్పు గది బల్ల మీదో, వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే బల్ల) దగ్గరో, మొదటి ఐవీ సూది పెట్టేటప్పుడో అంటుకుని ఉండొచ్చు. కాబట్టి "మూడు రోజుల్లోపు వచ్చింది, తల్లిదే" అని తల్లి మీద తోసెయ్యడం మన దగ్గర కుదరదు.

తల్లి వైపు చూడాల్సినవీ ఉన్నాయి: ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, నొప్పుల్లో జ్వరం, దుర్వాసన వచ్చే ఉమ్మనీరు, మూడుసార్లకు మించి లోపల పరీక్ష. అన్నిటికన్నా పెద్దది నెలలు నిండకపోవడం. తల్లి ఇచ్చే యాంటీబాడీలు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే అందుతాయి, ఏడో నెలలో పుట్టిన బిడ్డకు ఆ రక్షణ చాలా తక్కువ.

అగార్‌ప్లేట్:
డాక్టర్ గారు చెప్పినదానికి ల్యాబు వైపు నుంచి ఒక మాట. కల్చర్ నెగటివ్ వచ్చినవాటిలో కొన్ని రక్తం చాలక నెగటివ్. మిల్లీలీటరుకు నాలుగు క్రిముల కన్నా తక్కువున్నప్పుడు అర మిల్లీ తీస్తే దొరక్కపోవచ్చు. ఒక మిల్లీ కావాలి, యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే. "900 గ్రాముల బిడ్డ దగ్గర అంత ఎలా" అంటారు. ఆ బిడ్డలో 80 మిల్లీ దాకా రక్తం ఉంటుంది, ఒక్క మిల్లీకి ఏమీ కాదు.

చర్మానికి మందు రాశాక ఆరే దాకా ఆగాలి. తుడిచిన వెంటనే సూది గుచ్చితే చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫ్ క్రిమి సీసాలోకి వస్తుంది, ఇక అది జబ్బా కలుషితమా అని రెండు రోజులు తల పట్టుకోవడమే. సీసా రబ్బరు మూతని స్పిరిట్‌తో తుడవండి. పాత లైన్ నుంచి తీయకండి. రాత్రి తీసిన సీసాని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న పంపే అలవాటు మానాలి, బయటే ఉంచి వీలైనంత త్వరగా పంపండి.

పుట్టగానే చేసిన ఒక్క సీఆర్పీ (ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్ పరీక్ష) చూసి ధైర్యపడొద్దు. అది పెరగడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది. 24 గంటల తేడాతో రెండుసార్లు మామూలుగా వస్తే అప్పుడు నమ్మొచ్చు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
ల్యాబు వాళ్లకు మా చేతులే కనిపిస్తాయి, నిజమే 🙂 కానీ వార్డులో అసలు దారి చాలాసార్లు సెలైన్ సీసా. ఒకే సీసాకి సూది గుచ్చి ఉంచి అందరు బిడ్డల ఫ్లష్‌కీ (ఐవీ గొట్టం కడగడానికి) అందులోంచే లాగితే, ఒక్కసారి కలుషితమైనా వరుసగా నలుగురికి ఒకే క్లెబ్సియెల్లా. డెక్స్‌ట్రోజ్‌లో అది బతకడమే కాదు, పెరుగుతుంది. ఒకే వారంలో ఇద్దరికి ఒకే క్రిమి, ఒకే మందుల నిరోధకతతో వస్తే ముందు తెరిచిన సీసాలన్నీ పారేయండి, తర్వాత విచారణ. ఆక్సిజన్ హ్యుమిడిఫయర్‌లో నీళ్లు రోజూ మార్చాలి, ఉన్న నీళ్ల మీదే పొయ్యకూడదు, ఖాళీ చేసి నింపాలి. సింకు పక్కన మందులు కలపకూడదు. ఒకే వార్మర్ మీద ఇద్దరిని పడుకోబెట్టిన రోజున చేతి రబ్ ఎంత వాడినా లాభం తక్కువ.

ఆశాట్రైనర్_విశాఖ:
అంకెలు మారుస్తాను, ధన్యవాదాలు. ఇంటి దగ్గర ఆశాలు ఏం చూడాలి? బొడ్డుకి ఆముదం, పసుపు ఇంకా పెడుతున్నారు. వేసవిలో ఒళ్లు వేడిగా ఉందని ఫోన్లు కూడా ఎక్కువే.

వార్డురౌండ్:
బొడ్డు ఊడేదాకా ఏమీ రాయొద్దు, పొడిగా వదిలేయడమే. తేనె, పంచదార నీళ్లు కూడా వద్దు, మొదటి గంటలోనే తల్లిపాలు.

సెప్సిస్‌లో జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడొచ్చు కూడా. చంకలో 95.9 ఫారన్‌హీట్ కన్నా తక్కువైనా, 99.5 లేదా అంతకన్నా ఎక్కువైనా ప్రమాదమే. మే నెల ఉక్కలో రెండు దుప్పట్లు చుట్టి ఉంటే విప్పి, అరగంట తర్వాత మళ్లీ కొలవండి. కానీ నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ ఇవాళ పాలు వదిలేసినా, కదిలిస్తే తప్ప కదలకపోయినా, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా ఆ అరగంట కూడా ఆగొద్దు. ఊపిరి నిమిషమంతా లెక్కపెట్టాలి, 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి. ఏడుస్తుంటే ఆ లెక్క పనికిరాదు.

108కి ఫోన్ చేశాక ఏఎన్ఎంని పిలవండి. జెంటామైసిన్, అమాక్సిసిలిన్ యాంటీబయాటిక్‌లు ఉంటే బరువు పట్టిక చూసి మొదటి డోసు ఇక్కడే. దారిలో బిడ్డ తల్లి ఛాతీకి ఆనుకుని ఉండాలి, మింగగలిగితే పాలు ఆపొద్దు. కేజీహెచ్‌కైనా ఘోషా ఆసుపత్రికైనా, డోసు ఏ టైముకి ఇచ్చారో చీటీ మీద రాసి పంపండి, కల్చర్ చదివేవాళ్లకు అది కావాలి.