‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటే ఓటా, ఉత్తరమా?

ప్రశ్న: ఐర్లండ్‌లో మేముండే చోట కౌంటీ కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) కొత్త గ్రంథాలయం కట్టబోతోంది. స్థలం దగ్గర నోటీసు పెట్టారు. కాలనీలోని తెలుగువాళ్ళ కోసం దాన్ని తెలుగులో రాస్తున్నాను. ‘పబ్లిక్ కన్సల్టేషన్’కి ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని పెట్టాను. సరిపోతుందా?

జవాబు: ఆ మాట వద్దండీ. మన పత్రికల్లో బాగా నలిగిన మాటే, తప్పు మాటా కాదు. కానీ మీరున్న దేశంలో అది మనవాళ్ళని నేరుగా తప్పుదారి పట్టిస్తుంది.

తెలుగు పత్రికలు రెఫరెండాన్ని, అంటే ఒక విషయం మీద జనం నేరుగా ఓటేసి తేల్చడాన్ని కూడా ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అనే రాస్తాయి. ఐర్లండ్‌లో రాజ్యాంగం మార్చాలంటే రెఫరెండం తప్పనిసరి. 2015లో స్వలింగ వివాహాల మీద, 2018లో గర్భస్రావం మీద, 2024 మార్చిలో కుటుంబం, సంరక్షణ అన్న రెండు సవరణల మీద జరిగాయి. వాటిలో ఐరిష్ పౌరులకే ఓటు. ఇప్పుడు మీ కాగితం మీద ఆ మాట చూసిన మనిషి ఏమనుకుంటాడు? ‘నాకింకా పౌరసత్వం రాలేదు, ఇది నాకు కాదు’ అనుకుని పక్కన పెట్టేస్తాడు. గ్రంథాలయం విషయంలో రాసి పంపడానికి పౌరసత్వంతో పనే లేదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళూ, చదువుకోవడానికి వచ్చినవాళ్ళూ ఎవరైనా రాయవచ్చు. నాకు బాధ కలిగించేది ఇదే. ఒక్క మాట వల్ల ఉన్న హక్కు లేదనుకుంటారు.

రెండో ఇబ్బంది మన ఊళ్ళ నుంచి వస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ మాట వినగానే గుర్తొచ్చేది పర్యావరణ అనుమతుల సభ. షామియానా, వేదిక మీద కలెక్టరు, చుట్టూ పోలీసులు, మైకు కోసం తోపులాట. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చివర్లో సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అక్కడ చేతులు లెక్కపెట్టరు. అయినా ‘ఎక్కువమంది వద్దన్నారు కదా, ఎలా ఇస్తారు?’ అని జనం నిలదీయడం చూస్తూనే ఉంటాం. మాటలో ‘ప్రజాభిప్రాయం’ ఉంది కాబట్టి అదే తీర్పు అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. (అదే నోటిఫికేషన్‌లో భవన నిర్మాణాలకీ టౌన్‌షిప్‌లకీ ఈ సభ నుంచి మినహాయింపు ఇచ్చారు. పెద్ద పెద్ద టవర్లు లేచినా పక్క వీధివాళ్ళని ఎవరూ అడగకపోవడానికి అదొక కారణం.)

మీ నోటీసు సంగతి వేరు. అక్కడివాళ్ళు దాన్ని ‘పార్ట్ 8’ అంటారు. 2001 నాటి ప్లానింగ్ నిబంధనల్లో ఎనిమిదో భాగం కాబట్టి ఆ పేరు. దాన్ని అనువదించకండి, ‘పార్ట్ 8’ అనే ఉంచండి. కౌన్సిల్ తన పరిధిలో తానే కట్టుకునే రోడ్లు, వంతెనలు, గ్రంథాలయాలు, అగ్నిమాపక కేంద్రాలు, ఇంకా 1,26,000 యూరోలు దాటే ఇతర పనులు దీని కిందికి వస్తాయి. కౌన్సిల్ తన అనుమతి తానే ఇచ్చుకోవడం బాగుండదు కాబట్టి ముందు జనానికి చూపించాలి. పత్రికలో, స్థలం దగ్గర ప్రకటించి, ప్లాన్లు కనీసం 4 వారాలు చూడనివ్వాలి. ఆ తర్వాత రాయడానికి కనీసం మరో 2 వారాలు ఇవ్వాలి. ప్రైవేటు కట్టడం మీద రాయాలంటే 20 యూరోలు కట్టాలి. దీనికి రుసుము లేదు. వచ్చిన ప్రతి ఉత్తరంలోని విషయానికీ కౌన్సిల్ ప్రధాన అధికారి అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్ తన నివేదికలో జవాబు రాయాలి. రాసినవాళ్ళ పేర్లూ అందులో ఉంటాయి, ఇది మీవాళ్ళకి ముందే చెప్పండి. ఆ నివేదిక కౌన్సిలర్ల ముందుకు వెళ్తుంది. ప్లాన్ మార్చాలన్నా ఆపాలన్నా వాళ్ళు 6 వారాల్లో తీర్మానం చేయాలి. చేయకపోతే నివేదికలో ఉన్నట్టే పని సాగుతుంది. దీని మీద జాతీయ ప్లానింగ్ కమిషన్‌కి (2025 దాకా ప్లానింగ్ బోర్డు) అప్పీలు లేదు, హైకోర్టుకే వెళ్ళాలి. అందుకే ఈ ఉత్తరం విలువైనది. ఆ కౌన్సిలర్లని ఎన్నుకునే స్థానిక ఎన్నికల్లో పౌరసత్వం లేని నివాసులకి కూడా ఓటుంది!

2024లో కొత్త ప్లానింగ్ చట్టం వచ్చింది, దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు. గడువు మాత్రం మీ నోటీసులో ఉన్నదే రాయండి.

ఒక సభ్యురాలు: మరి మన మున్సిపాలిటీలు వేసినట్టు ‘అభ్యంతరాలు ఉంటే తెలపగలరు’ అంటే పోదా? అందరికీ అలవాటైన వాక్యం.

జవాబు: అలవాటైనదే గానీ సగం మందిని బయట ఉంచుతుందమ్మా. అభ్యంతరం లేనివాళ్ళు ఎందుకు రాస్తారు? గ్రంథాలయం కావాలి, కాకపోతే వీల్‌చెయిర్ దారి ఇటువైపు పెట్టండి, సాయంత్రాలు పిల్లలకి చదువుకునే గది ఇవ్వండి అనేవాళ్ళు కూడా రాయాలి. ఇంగ్లిషు నోటీసులో ఉండే ‘సబ్‌మిషన్స్’ అన్న మాట ఒప్పుదల, వ్యతిరేకత, సలహా మూడింటికీ చోటిస్తుంది. వద్దనేవాళ్ళు ఎలాగూ రాస్తారు. కావాలనేవాళ్ళే మౌనంగా ఉండిపోతారు.

మరొకరు: ‘సంప్రదింపులు’?

జవాబు: అది ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకునేటప్పటి మాటండీ. పైగా ‘వివరాలకు సంప్రదించండి’ అని ఫోన్ నంబరు పక్కన చూసీ చూసీ, ఎవరికో ఫోన్ చేయాలేమో అనుకుంటారు. ‘విన్నపం’ కూడా నాకు నచ్చదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ దయ అడగడం లేదు.

మొదట అడిగినవారు: అయితే ఏం పెట్టమంటారు?

జవాబు: ఒక్క నామవాచకం కోసం వెతకద్దు, క్రియతో చెప్పండి. ఇలా:

‘కొత్త గ్రంథాలయం ప్లాన్ చూడండి. నచ్చిందా, నచ్చలేదా, ఏం మార్చాలి అన్నది రాసి పంపండి. పౌరసత్వం అక్కర్లేదు, రుసుము లేదు. మీ పేరు నివేదికలో ఉంటుంది. ఆఖరు తేదీ దాటితే తీసుకోరు.’

ఆఖరు తేదీని పెద్ద అక్షరాల్లో వేయండి.