సీసీ రోడ్డు మీటర్లా, చివరి కుళాయి నీళ్లా? పంచాయతీ ఏడాది ప్రగతిని దేనితో కొలవాలి?

వార్డు మెంబరు:
మార్చి లెక్కలు మూశాక గ్రామసభల్లో చదివే ప్రగతి నివేదికలన్నీ ఒకే మూసలో ఉంటాయి. సీసీ రోడ్డు ఇన్ని మీటర్లు, డ్రైన్లు ఇన్ని మీటర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఇన్ని, మొక్కలు ఇన్ని, ఖర్చు ఇంత. ఈ పట్టీని వెనక పేజీకి పంపి ముందు పేజీలో సేవలు రాయాలని నా వాదన. చివరి కుళాయికి ఎన్ని రోజులు నీళ్లు ఎక్కాయి, చెత్త ట్రాక్టరు ఎన్ని రోజులు తిరిగింది, స్తంభాల మీద లైట్లు ఎన్ని వెలుగుతున్నాయి, ఇవీ ఊరికి కావాల్సినవి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

ఎం-బుక్:
నేను ఒప్పుకోను. మీటర్లను ఎవరైనా మళ్లీ కొలవొచ్చు, తప్పు రాస్తే పట్టుకోవచ్చు. "330 రోజులు నీళ్లిచ్చాం" అని రాస్తే తేల్చేదెవరు?

రోడ్డే తీసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మి.మీ. మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 120కి పడిపోతే 36. ఆ 9 ఘనపు మీటర్ల తేడాలో, సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లకు ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున, 70 బస్తాలకు పైగా సిమెంటు ఎగిరిపోయినట్టే. కోర్ కటింగ్ చేస్తే, అంటే రోడ్డును గుండ్రంగా కోసి ముక్క బయటికి తీస్తే, దొరికిపోతుంది. అయితే రోడ్డు అంచున టేపు పెట్టి సంబరపడకండి. అంచున కాంక్రీటు జారకుండా ఆపే షట్టరింగ్ పలక ఉంటుంది కాబట్టి అక్కడ మందం నిండుగానే కనబడుతుంది. కింది గ్రావెల్‌ను చదును చేయకుండా నడుమ గుట్టగా వదిలేస్తే పలచబడేది నడిమధ్యే. కోర్ అక్కడి నుంచి తీయాలి. ఇంత పక్కాగా తేలే లెక్కను వెనక్కి నెట్టి, నోటిమాట లెక్కను ముందుకు తెస్తామంటే ఎట్లా?

తోక కుళాయి:
నోటిమాట ఎందుకవుతుందండీ? జల్‌జీవన్ మిషన్ (ఇంటింటికీ కుళాయి నీళ్ల కేంద్ర పథకం) లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. 1,800 జనాభా ఉన్న ఊరికి 99 వేల లీటర్లు కావాలి. 40 వేల లీటర్ల ట్యాంకయితే రోజుకు రెండున్నర సార్లు నిండాలి. బోరు నిమిషానికి 150 లీటర్లు పోస్తే గంటకు 9 వేలు, అంటే 11 గంటల పంపింగు. ఆ మోటారు రోజుకు 9 గంటలే త్రీఫేజ్ ఉండే వ్యవసాయ లైను మీద ఉంటే వచ్చేది 81 వేలే. ఇంటింటికీ కుళాయి బిగించి "నూరు శాతం కనెక్షన్లు" అని రాసుకున్నా తక్కువ పడే ఆ 18 వేల లీటర్లు ఎవరో ఒకరి ఇంటికి రావు. మీ మీటర్ల నివేదికలో ఆ ఇల్లు కనబడదు.

క్లోరిన్ సంగతి ఇంకా సులువు. చివరి కుళాయి నీళ్లు క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ గొట్టంలో పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు తిరగాలి. నీళ్లలో మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. 40 వేల లీటర్ల ట్యాంకు ఒక్కసారి నిండినప్పుడు, లీటరుకు 2 మి.గ్రా. మోతాదు అనుకుంటే 80 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరయితే 320 గ్రాములు. చాలాచోట్ల పౌడరు నేరుగా ట్యాంకులో గుమ్మరిస్తారు, సున్నం అడుగున పేరుకుపోతుంది. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి తేరనిచ్చి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వాల్వు తిప్పాలి. మూతి విప్పిన సంచిని తడి గదిలో పడేస్తే పౌడరు రోజురోజుకూ నీరసిస్తుంది. కొన్న బస్తాలు లెక్కేసి "క్లోరినేషన్ పూర్తి" అనడం అందుకే దండగ.

ఎం-బుక్:
లెక్క బాగుంది. రాసేదెవరు? నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో నిండిన లాగ్ పుస్తకాలు ఏ ఆఫీసులోనైనా దొరుకుతాయి. రెండోది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అది పంచాయతీ తప్పా? కరెంటు తన చేతిలో లేని సర్పంచికి నీళ్ల రోజుల మీద మార్కులేస్తే ఆయన ఎక్కువ రోజులు రాయించడం నేర్చుకుంటాడు, అంతే.

నిధుల పద్దు:
మీ ఇద్దరూ డబ్బు ఎక్కడిదన్నది వదిలేశారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 గ్రాంట్లలో 60 శాతం ఫలానా పనికే అని ముడిపెట్టినది. అందులో 30 తాగునీటి పద్దుకు, 30 పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు గాని జీతాలకు ముట్టుకోకూడదన్నారు. ఊళ్లో సీసీ రోడ్లు ఎక్కువగా పడ్డది 2005 ఉపాధి హామీ చట్టం కింద, కూలీకి 60, మెటీరియల్‌కు 40 అన్న నిష్పత్తిలోని మెటీరియల్ వాటాతో. ఆ వాటా విడుదలైన ఏడాది రోడ్డు మీటర్లు పెరిగాయి, ఆగిన ఏడాది పడిపోయాయి. సర్పంచి రెండేళ్లూ ఒకేలా పనిచేసి ఉండొచ్చు. కాబట్టి కరెంటు మీద అభ్యంతరం చెప్పే ఎం-బుక్ గారు మీటర్ల మీద కూడా అదే అభ్యంతరం చెప్పాలి.

పంచాయతీ సత్తా నిజంగా తెలిసేది ఇంటి పన్ను దగ్గర. అక్కడా కనికట్టు ఉంది. పాత బకాయిల వసూలును ఈ ఏటి వసూలులో కలిపేసి, ఈ ఏటి డిమాండుతో (ఈ ఏడు వసూలు కావాల్సిన పన్నుతో) మాత్రమే భాగిస్తే శాతం నూరు దాటుతుంది. బకాయి డిమాండు, బకాయి వసూలు, ఈ ఏటి డిమాండు, ఈ ఏటి వసూలు అని నాలుగు గడులు వేరుగా లేని నివేదికను నమ్మొద్దు. అలాగే "పూర్తయిన పని" పక్కన పని ముగిసిన తేదీ, బిల్లు చెల్లించిన తేదీ రెండూ ఉండాలి. బిల్లు రాని పనికి మరమ్మతు చేయమంటే ఏ కాంట్రాక్టరూ తిరిగి చూడడు.

మూడో తీగ:
లైట్ల మీద ఒక్క మాట. వీధి దీపాలకు వేరే తీగ లాగని స్తంభాలకు బల్బులు బిగిస్తే స్విచ్చే ఉండదు, పగలూ వెలుగుతాయి. 20 వాట్ల బల్బులు 100 ఉంటే పగటి 12 గంటలకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు వృథా. "100 ఎల్‌ఈడీలు బిగించాం" అన్న వాక్యంలో ఈ నష్టం కూడా ప్రగతే అయిపోతుంది. వీధి దీపాల మీటరు యూనిట్లను రాత్రి గంటలతో సరిపోల్చండి, ఎక్కువొస్తే పగలూ వెలుగుతున్నట్టు, తక్కువొస్తే కొన్ని వెలగనట్టు.

ఎం-బుక్:
ఇది నాకు నచ్చింది. కరెంటు మీటరు పంచాయతీ రాసుకునేది కాదు. తన చేతిరాత కాని లెక్క ఏదైనా సరే ముందు పేజీలో పెట్టండి, నాకు పేచీ లేదు. మోటారుకు కూడా ఇదే పద్ధతి పెట్టొచ్చు. 5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు లాగితే 11 గంటలకు 50, నెలకు 1,500. బిల్లులో 900 కనబడితే "రోజూ సరిపడా నీళ్లు" అన్నది అబద్ధం.

తోక కుళాయి:
సగం నిజమే. యూనిట్లు తగ్గితే నీళ్లు తగ్గినట్టు. కానీ యూనిట్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన నీళ్లు వచ్చినట్టు కాదు. బోర్లో నీటిమట్టం దిగినా, పంపులో నీళ్లు నెట్టే చక్రాలు (ఇంపెల్లర్లు) అరిగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు తగ్గుతాయి. పంపుకూ ట్యాంకుకూ మధ్య పైపు పగిలినా అంతే. ట్యాంకు దిగుడు పైపుకు, పోయే నీళ్లన్నీ కొలిచే బల్క్ మీటరు ఉంటేనే రెండో సగం తెలుస్తుంది. ఆ మీటరుకు ముందు, వెనక కాస్త దూరం వంపుల్లేని పైపు వదలాలి. మలుపు దగ్గరే బిగిస్తే రీడింగు తప్పుతుంది.

వార్డు మెంబరు:
మొక్కల మాట ఎవరూ ఎత్తలేదు. తెలంగాణ 2018 పంచాయతీ రాజ్ చట్టం నాటినవాటిలో 85 శాతం బతకాలంటుంది. నివేదికల్లో వచ్చేదేమో నాటిన సంఖ్య. చచ్చిన చోట కొత్తది పెట్టి పాతదే బతికిందని రాస్తే పట్టేదెలా?

నిధుల పద్దు:
కొత్త నాటుకు ముందు, మే నెలలో లెక్కపెట్టండి. ఎండాకాలం దాటినదే బతికినది. మొక్క మొదలు చుట్టుకొలత రాసుకుంటే చచ్చినదాని చోట కొత్తగా పెట్టినది ఇట్టే తెలిసిపోతుంది. చెత్తకూ ఇంతే. ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు తిరిగిందన్నది కాదు, చెత్తతో ఎరువు చేసే షెడ్డు నుంచి ఎన్ని కిలోల ఎరువు బయటికి పోయిందో రాయాలి. తడి, పొడి ఒకే తొట్టిలో పోసుకొచ్చే ఊళ్లో ట్రిప్పులు నూరు శాతం, ఎరువు సున్నా.

ఎం-బుక్:
సరే, "చివరి కుళాయి" అంటున్నారు కదా, అది ఏదో ఎవరు తేలుస్తారు? అనుకూలమైన కుళాయి చూపించి పరీక్ష పాసయిపోవచ్చు.

తోక కుళాయి:
దూరమైనదే చివరిది అనుకుంటారు, తప్పు. ట్యాంకుకు 200 మీటర్లలోనే గుట్ట మీద ఉన్న ఇంటికి అన్నిటికన్నా ఆఖరున నీళ్లెక్కొచ్చు. వాల్వు తిప్పిన సమయం రాసుకుని, లైనుకు రెండు మూడు చోట్ల బకెట్టు పెట్టి, 15 లీటర్లు నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. అన్నిటికన్నా ఆలస్యంగా నిండినది ఆ లైనుకు చివరి కుళాయి. వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడాలి, ఎందుకంటే మారుతుంది. వాల్వుకొకటి చొప్పున ఆ ఇంటి నంబర్లను గ్రామసభ తీర్మానంలో ఎక్కించి, ఏడాది పొడవునా వాటినే పరీక్షించాలి. కొత్తగా లైను పొడిగిస్తే మాత్రం మళ్లీ మొదటి నుంచి.