ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో కొత్త బ్రిడ్జి వచ్చాక వేర్ నది ఒడ్డు నిజంగా మారిందా?

కొత్తగా_వచ్చాం:
నమస్తే అండి. నాకు క్యాసిల్‌టౌన్ వైపు ఉద్యోగం ఖాయమైంది. ఇల్లు అవతలి ఒడ్డున పాలియన్‌లో చూస్తున్నాం. నార్తర్న్ స్పైర్ బ్రిడ్జి మీదుగా రోజూ వెళ్లిరావడం తేలికేనా? నది ఒడ్డు బాగుపడుతోందంటున్నారు. ఉన్నవాళ్లు చెప్పండి.

రాత్రి_డ్యూటీ:
తేలికే. నేను సైకిల్ మీదే వెళ్తాను, బ్రిడ్జి మీద సైకిళ్లకూ నడిచేవాళ్లకూ దారి ఉంది. 2018 ఆగస్టులో ఇది తెరిచేదాకా మాకు దగ్గర్లో ఉన్నది 1909 నాటి క్వీన్ అలెగ్జాండ్రా బ్రిడ్జే. షిఫ్టు మారే వేళకి అక్కడ ఇరుక్కుంటే అంతే. చలికాలం మాత్రం గ్లౌజులు మర్చిపోకండి, నది మీద గాలి కోసేస్తుంది.

పాత_కాపు:
ఈ బ్రిడ్జికి 105 మీటర్ల స్తంభం ఉంది కదా, దాన్ని బెల్జియంలోని ఘెంట్‌లో తయారుచేసి 2017 జనవరిలో బార్జి మీద సముద్రం దాటించి తెచ్చారు. మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు షిప్‌యార్డులో వెల్డర్. ఆయనతో కలిసి ఒడ్డుకెళ్లి చూశాను. "ఇక్కణ్ణించి ఓడలు ప్రపంచమంతా పోయేవి, ఇప్పుడు ఇనుము మనకే వస్తోంది" అని చాలాసేపు కదల్లేదు. 1988లో యార్డులు మూతపడ్డాక ఆయన నది వైపు వెళ్లడమే మానేశాడట. ఇప్పుడు మనవణ్ణి తీసుకుని బ్రిడ్జి మీదికి వెళ్తున్నాడు. నాకైతే మార్పంటే అదే.

సివిల్_సైట్:
అన్నా, మంచి మాట. కానీ బ్రిడ్జి కట్టగానే ఒడ్డు బాగుపడిపోదు. తెరిచిన కొత్తలో పాలియన్ వైపు దిగాక మళ్లీ పాత రోడ్లే. అక్కణ్ణించి సిటీ సెంటర్ దాకా కొత్త రోడ్డు తర్వాత వచ్చింది. నా లెక్కలో అసలు ఫలితం ఆ రోడ్డుదే. ఖాళీ పడ్డ ఫ్యాక్టరీ స్థలాలకి లారీ నేరుగా చేరితేనే ఎవరైనా షెడ్డు వేస్తారు. ఇళ్లు కట్టాలంటే ముందు పాత పరిశ్రమల మట్టిని పరీక్షించి శుభ్రం చేయాలి, దానికి ఏళ్లు పడుతుంది. ఒడ్డంతా ఒకేసారి మారుతుందనుకుని ఇల్లు కొనకండి.

కొత్తగా_వచ్చాం:
అద్దెకే చూస్తున్నామండి. పాపని స్ట్రోలర్‌లో తిప్పడానికి వీలుంటుందా?

రాత్రి_డ్యూటీ:
బ్రిడ్జి మీద ఇబ్బంది లేదు. కిందికి నది దగ్గరికి దిగే దారులే కొన్నిచోట్ల ఏటవాలు. అడ్వాన్సు కట్టేముందు చీకటిపడ్డాక ఒకసారి ఇంటి నుంచి బ్రిడ్జి దాకా నడవండమ్మా, దీపాలు ఎక్కడిదాకా ఉన్నాయో మీకే తెలుస్తుంది.