చైనా అంటే పొరుగు దేశాల భయం నిజమైనదా, పెంచి పోషించినదా?

పాతలెక్క:
చైనా మాట రాగానే అందరూ శ్రీలంకలోని హంబన్‌తోట రేవు దగ్గరికి వెళ్తారు. శ్రీలంక అప్పు తీర్చలేకపోతే చైనా రేవు లాక్కుందని. లెక్క చూస్తే ఆ కథ నిలబడదు. 2017లో రేవును చైనా కంపెనీకి ఇచ్చిన 99 ఏళ్ల లీజు కింద శ్రీలంకకు దాదాపు 112 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది, రేవు కోసం తెచ్చిన చైనా అప్పు అలాగే ఉండిపోయింది. అప్పట్లో కొలంబోకి ఎక్కువ టెన్షన్ పెట్టింది మార్కెట్లో అమ్మిన బాండ్లే. ఢిల్లీకీ వాషింగ్టన్‌కీ పనికొచ్చింది కాబట్టి ‘అప్పుల ఉచ్చు’ అన్న మాట బతికింది.

తీరంగాలి:
లీజు సంగతి ఒప్పుకుంటానండీ. మరి 2022 ఆగస్టులో ఉపగ్రహాలను, క్షిపణులను ట్రాక్ చేయగల చైనా నౌక యువాన్ వాంగ్ 5 అదే రేవులో వచ్చి ఆగింది కదా? భారత్ ఆందోళన చెప్పాక కొలంబో ముందు వాయిదా వేయమంది, కొద్ది రోజులకే సరేనంది. లీజు పత్రంలో ఏం రాసుంటే ఏం లాభం?

మూడోపక్క:
ఇద్దరూ శ్రీలంక దగ్గరే ఆగిపోయారు. అసలు కథ దక్షిణ చైనా సముద్రంలో ఉంది. చైనా, ఫిలిప్పీన్స్ రెండూ తమదే అనే సెకండ్ థామస్ షోల్ దగ్గర దిబ్బమీదికి ఎక్కించి వదిలేసిన సియెరా మాద్రే అనే తుప్పుపట్టిన ఓడ ఉంది. ఫిలిప్పీన్స్ సైనికులు అందులోనే కాపురం. వాళ్లకు తిండి, సామాను తీసుకెళ్లే పడవల మీద చైనా కోస్ట్‌గార్డ్ వాటర్ కెనాన్లు ప్రయోగించేది. 2024 జూన్‌లో కత్తులు, గొడ్డళ్ల దాకా వెళ్లింది. ఒక నావికుడి బొటనవేలు తెగింది. దీన్ని ఎవరూ పెంచి పోషించక్కర్లేదు.

అప్పుల విషయంలో ప్రత్యర్థులు చైనాని తప్పుగా చదివారు. సముద్రం విషయంలో సరిగ్గానే చదివారని నా అభిప్రాయం. 2016లో ఈ సముద్ర వివాదంపై హేగ్ ట్రిబ్యునల్ తీర్పు ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా వచ్చినా అప్పటి అధ్యక్షుడు డుటెర్టే పెట్టుబడుల ఆశతో పక్కన పెట్టారు. ఆ మెతకదనానికి దక్కిందేమిటో చూశాక తర్వాతి అధ్యక్షుడు మార్కోస్ జూనియర్ 2023లో అమెరికాకు మరో నాలుగు స్థావరాలు తెరిచారు.

పాతలెక్క:
ఆ నాలుగింట్లో మూడు ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ ద్వీపం ఉత్తరాన, తైవాన్ వైపున ఉన్నాయి. జపాన్, దక్షిణ కొరియాల్లో అమెరికా సైన్యం ఎలాగూ ఉంది. బీజింగ్‌లో కూర్చుని చూస్తే చుట్టుముట్టినట్టే కదా? మీరు దూకుడు అంటున్నది వాళ్లకు ఆత్మరక్షణ.

మూడోపక్క:
వరస తిరగేశారు. అమెరికన్లు ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే నౌకా స్థావరం ఖాళీ చేసింది 1992లో. మూడేళ్లు తిరక్కుండానే ఫిలిప్పీన్స్ తనదే అనే మిస్చీఫ్ రీఫ్ దిబ్బ మీద చైనా కట్టడాలు బయటపడ్డాయి. 1999లో ఫిలిప్పీన్స్ ఆ తుప్పు ఓడను దిబ్బెక్కించింది అందుకే.