అప్‌డేట్: ట్రైలర్‌లో లిథియం బ్యాటరీలకు ఏ ఛార్జర్ పెట్టానంటే

ట్రావెల్ ట్రైలర్‌లో (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలు రెండు పెడితే పాత కన్వర్టర్ (బయటి కరెంటును డీసీగా మార్చి బ్యాటరీలను ఛార్జ్ చేసేది) సరిపోతుందా అని అడిగాను కదా. మీటర్ పెట్టి చూస్తే అది 13.6 వోల్టులు దాటడం లేదు. చివరికొచ్చేసరికి ఛార్జింగ్ నత్తనడకే, బ్యాటరీ లోపలి సెల్స్ అన్నీ ఒకే స్థాయికి వచ్చి బ్యాలెన్స్ కావడానికీ ఆ వోల్టేజీ చాలదు. అందుకే లిథియం సెట్టింగ్‌లో 14.4 ఇచ్చే 40 ఆంపియర్ల ఛార్జర్ కొన్నాను. ఈక్వలైజ్ మోడ్ (లెడ్ యాసిడ్ కోసం కావాలనే వోల్టేజీ పెంచి ఛార్జ్ చేసేది) ఆపే వీలుందో లేదో తప్పకుండా చూసుకోండి, లిథియంకు అది పనికిరాదు.

ట్రైలర్‌ను లాగే పికప్ నుంచి కూడా ఇవి ఛార్జ్ అవుతాయి కాబట్టి, దాని ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చేది) వేడెక్కిపోకుండా మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించాను. ఇక మిగిలింది చలికాలం టెన్షన్. సున్నా డిగ్రీల లోపు ఈ బ్యాటరీలను ఛార్జ్ చేయకూడదు. మా వాటికి హీటర్ లేదు కాబట్టి బయటి పెట్టెలోంచి తీసి లోపల మంచం కింద బిగించాను.