తెగిపడిన తీగ: స్విచ్ మనమే దింపవచ్చా?

ఎర్రముక్కపల్లి, కడప:
మొన్నటి గాలికి వేపకొమ్మ విరిగి మా వీధిలో తీగ తెగింది. ఆ కొమ్మ తీగకు రాసుకుని రాత్రిళ్లు నిప్పురవ్వలు రాలడం నెల రోజులుగా చూస్తూనే ఉన్నాం, ఎవరమూ చెప్పలేదు. తీగ కొస బండల మీద పడింది. మెరుపు లేదు, చప్పుడు లేదు. నేను 1912కు ఫోను చేస్తుండగానే పక్కింటాయన వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దానికి వచ్చే లైనును విడదీసే ఏబీ స్విచ్ దింపేశారు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆయన చేసింది సరైనదేనా?

పాత లైన్‌మన్, ప్రొద్దుటూరు:
కాదు. ఆ స్విచ్ మీద ఉండేది 11 వేల వోల్టుల లైను. లోడు ఉండగా దింపితే బ్లేడ్ల దగ్గర మంట లేస్తుంది. ఇన్సులేటర్ చిట్లి, హ్యాండిల్‌కు ఎర్త్ తెగి ఉంటే పట్టుకున్నవాడే ఎర్త్. దింపాక కూడా ధీమా లేదు, ఎవరింట్లోనో తప్పుగా కలిపిన జనరేటర్ తీగలోకి కరెంటు ఎక్కించవచ్చు. మెరుపు లేదన్నారు కదా, ఎండిన బండ మీద పడితే ఫ్యూజు పోయేంత కరెంటు నేలలోకి దిగదు. తీగ పాములా కదలకుండా పడి ఉంటుంది, ప్రాణంతోనే.

రైతు, ఉరవకొండ:
మాటలు బాగున్నాయి పెద్దాయనా. పొలంలో ఫ్యూజు పోతే స్విచ్ దింపి వేసుకునేది మేమే, మాకోసం ఎవరూ రారు. బడి పిల్లవాడు ఆ తీగ తొక్కేలోపు లైన్‌మన్ వస్తాడని రాసిస్తారా?

పాత లైన్‌మన్, ప్రొద్దుటూరు:
రాసివ్వలేను. ఆలస్యం మా వాళ్లదే. కానీ అలా ఫ్యూజు వేయబోయి పోయినవారి ఇళ్లకు వెళ్లినవాణ్ణి. దారికి రెండువైపులా మనుషులను నిలబెట్టి, పది మీటర్ల లోపలికి ఎవరినీ రానివ్వకండి. లోపల చిక్కుకున్నవారు పాదాలు ఎత్తకుండా, ఒకదానికొకటి ఆనించి జరుపుకుంటూ బయటికి రావాలి. ఫోనులో ‘కరెంటు లేదు’ అంటే మామూలు ఫిర్యాదుల్లో కలిసిపోతుంది. ‘తీగ నేల మీద పడింది, ఫీడర్ ఆపించండి’ అనండి (ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను), స్తంభం నంబరు చెప్పండి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆపడం క్షణాల పని.

రైతు, ఉరవకొండ:
సబ్‌స్టేషన్ నంబరు ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి పెట్టమనండి, నేనూ ఫోనే చేస్తాను. అంతవరకు నా మాట అదే.

ఎర్రముక్కపల్లి, కడప:
మా స్తంభం నంబరు మీద ట్యూషన్ పోస్టరు అంటించారు. చదవాలంటే చింపాలి, చింపాలంటే స్తంభం ముట్టుకోవాలి.